మాణిక్యక్క లాగని తాడు

నమ్మరు. మీరు నమ్మరని నాకు ముందే తెలుసు. ఆ వెనక కూర్చున్నవాడి మూతి చూడండి, ఇంకా కథ మొదలుకాక ముందే వంకర తిరిగింది. ఒరే, నీకే చెబుతున్నా. ఇందులో ఒక్క ముక్క అబద్ధమని తేల్చు, ఈ ముసలికొంగ తన ముక్కు ఊడదీసి నీ చేతిలో పెడుతుంది. ఇది అలాంటిలాంటి ముక్కు కాదు. ఒకప్పుడు నేను దీనితో ఈల వేస్తే, మూడు గుట్టల అవతల, పక్క అడవిలో పారే వాగు ఉలిక్కిపడి ఆగిపోయేది. చేపలు "ఏమైంది? ఏమైంది?" అని తలలు పైకెత్తేవి. ఎత్తినవాటిలో కొన్ని నా భోజనమయ్యాయి, అది వేరే సంగతి.

అయినా అబద్ధం చెప్పాలంటే ఓపిక కావాలి పిల్లలూ. నా దగ్గర అంత ఓపిక ఎక్కడుంది? ఒంటికాలి మీద నిలబడితే ఆ కాలు తిడుతోంది. కాలు మారిస్తే రెండోది తిడుతోంది. నిజం చెప్పడమే తేలిక. దగ్గరికి జరగండి, గొంతు పెంచలేను.

అనగనగా ఒక అడవిలో, నీడ కూడా నీడ వెతుక్కునే ఒక ఎండాకాలంలో, బుట్టబంతి పోటీ జరిగింది.

మనుషుల పిల్లలు దాన్ని బాస్కెట్‌బాల్ అంటారట. ఒకసారి వాళ్ళు విహారానికి వచ్చి, బంతి మరిచిపోయి వెళ్ళారు. మా అడవి మొత్తానికి అదొక్కటే బంతి. ఎవరో మేకలకాపరి వెదురుబుట్ట వదిలేసి పోయాడు. దాన్ని ఎండిన తాటిమాను మీద కట్టాం. రెండో బుట్ట దొరకలేదు కాబట్టి రెండు జట్లూ ఆ ఒక్క బుట్టలోనే వేయాలి. జట్టుకు నలుగురు. ఐదోవాణ్ణి చేరిస్తే ఆట కన్నా పోట్లాట ఎక్కువవుతోందని పెద్దలు తీసేశారు. ఈల నాది. నా తీర్పుకు పులి కూడా ఎదురు చెప్పేది కాదు. పులి ఆటకు వచ్చేది కాదనుకోండి, వచ్చినా చెప్పేది కాదు.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. ఆ బుట్టకు అడుగు ఉంది. బంతి పడితే అందులోనే కూర్చుండిపోతుంది. బుట్టకు ఒక తాడు కట్టాం. తాడు లాగితే బుట్ట వంగుతుంది, బంతి దబ్బున కింద పడుతుంది. అప్పుడు వడ్రంగిపిట్ట మానును టకామని కొడుతుంది. అప్పుడే లెక్క. బంతి కింద పడనంతవరకు వేసినా వేయనట్టే.

మరి ఆ తాడు ఎవరు లాగాలి? బంతి వేసినవాడు కాదు. వేసినవాడికి అందించినవాడు. అది నియమం కాదు, మర్యాద. వేసినవాణ్ణి అందరూ చూస్తారు. అందించినవాణ్ణి ఎవరు చూస్తారు? అందుకే మా పెద్దలు ఆ తాడు అందించినవాడి చేతిలో పెట్టారు.

ఆ ఏడు ఎర్రగుట్ట జట్టు అంత జట్టు ఇంకోటి లేదు. వాళ్ళ గురించి చెబుతాను.

మొదటివాడు కణితి దుప్పి కొమ్మరాజు. కుర్రవాడు. వాడి కొమ్ములు ఎంత పొడవంటే, చందమామ ఒకసారి వాటిలో చిక్కుకుని తెల్లవార్లూ అక్కడే ఉండిపోయాడు. నేనే విడిపించాను. ఆట కోసం వాడు కొమ్ముల మొనలు బండకు రుద్ది రుద్ది మొద్దుబార్చుకున్నాడు, బంతికి గుచ్చుకోకూడదని. బంతిని కొమ్ముల మధ్య పట్టి విసిరితే నేరుగా బుట్టలోనే.

రెండోది ముళ్ళపంది మాణిక్యం. అందరికీ మాణిక్యక్క. పొట్టికాళ్ళు, ఇద్దరు పిల్లల తల్లి. బంతిని నేల మీద పాములా జారించేది. ఎదుటివాడు వంగి చూసేసరికి బంతి వాడి కాళ్ళ సందుల్లోంచి పోయి కొమ్మరాజు ముందు నిలబడేది. ముళ్ళపంది చేతికి బంతేమిటి అంటారా? ఆవిడ మనసు బాగున్నప్పుడు ఆ ముళ్ళు నూనె రాసి దువ్విన జుట్టులా వీపుకు అంటుకుని ఉండేవి. పసిపిల్ల మీద పడుకున్నా గుచ్చుకునేవి కావు.

మూడోవాడు ఎలుగుబంటి బండెన్న, జట్టు పెద్ద. బుట్ట కింద అడ్డంగా నిలబడటమే ఆయన ఆట. ఎప్పుడు చూసినా ఇప్పుడే నిద్ర లేచినట్టు ఉంటాడు. నాలుగోవాడు ఉడుము పట్టయ్య. ఎదుటివాడి దగ్గర బంతి పట్టాడంటే వదలడు. మాట పట్టినా అంతే.

గెలిస్తే ఏమిస్తారు అంటారా? నీళ్ళు. ఆ వేసవిలో అడవిలో మిగిలింది చల్లమడుగు ఒక్కటే. గెలిచిన గుట్టవాళ్ళది పొద్దున్నే మొదటి వంతు. రెండో వంతు అడవిపందులది. అవి ఆడవు, కానీ వాటిని కాదనే ధైర్యం ఎవరికుంది? అవి పొర్లి లేచాక మిగిలినవాళ్ళంతా తాగాలి. తాగడం కాదు, నమలడం. ముందటేడు ఆ బురద తాగి మాణిక్యక్క చిన్నకొడుకు మెలికలు తిరిగిపోయాడు. అందుకే పోటీ రోజు పొద్దున్నే ఆవిడ పిల్లలిద్దరితో చెప్పింది.

"ఈ ఏడు మీకు తేటనీళ్ళు తాగిస్తాను. చూస్తూ ఉండండి."

తల్లి మాట. ఇక చూడండి ఏమైందో.

పోటీ మొత్తం ఒక్క రోజే. పొద్దున ఒక ఆట, మధ్యాహ్నం ఒక ఆట, సాయంత్రం చివరి ఆట.

పొద్దుటి ఆట కోతులతో. మాణిక్యక్క జారించింది, కొమ్మరాజు వేశాడు. ఆవిడ గునగునా నడుచుకుంటూ పోయి తాడు లాగింది. దబ్బు! టకా! పిల్లలిద్దరూ ఎగిరారు. "మా అమ్మ లాగింది! మా అమ్మ లాగింది!"

అలా కొన్నిసార్లు అయింది. ఎండ ముదిరింది. మాణిక్యక్క నాలుక బయటికి వచ్చేసింది. ఈసారి కొమ్మరాజు బంతి వేసి వెనక్కి తిరిగి చూశాడు. అక్క ఇంకా సగం దూరంలో రొప్పుతూ వస్తోంది. పాపం అనుకున్నాడు వాడు. ఒట్టు, అదే అనుకున్నాడు. వాడు తల కొంచెం ఎత్తి, కొమ్ములతో బుట్ట అడుగును ఒక్క పోటు పొడిచాడు. బుట్ట వంగింది. బంతి పడింది.

అడవి అడవంతా లేచింది!

"కొమ్మరాజా! కొమ్మరాజా! తాడు కూడా అక్కర్లేదురా వీడికి!"

ఆ చప్పట్లకు తాటిమాను మీద నిద్రపోతున్న గుడ్లగూబ ఊడిపడింది. కొమ్మరాజు అంత చప్పుడు ఎప్పుడూ వినలేదు. వాడికి బాగుంది. కుర్రవాడు కదా, బాగుండదూ?

మాణిక్యక్క తాడు దాకా వచ్చి ఆగిపోయింది. తాడు వంక చూసింది. వెనక్కి తిరిగింది. ఆవిడ వీపు మీద ఒక్క ముల్లు, ఒకే ఒక్క ముల్లు, నిటారుగా లేచింది. అడవిలో ఇంకెవరూ చూడలేదు. ఈ కొంగ కన్ను చూసింది.

కోతులు ఓడిపోయాయి. నీడలో కూలబడినప్పుడు బండెన్న అడిగాడు.

"ఏం మాణిక్యం, అదోలా ఉన్నావు?"

"నాకేం లేదన్నా."

"మరి ముల్లు లేచింది?"

"గాలికి లేచింది."

పిల్లలూ, ఆ రోజు గాలి లేదు. గాలి ఆ వేసవిలో అడవికే రాలేదు.

మధ్యాహ్నం ఆట నక్కలతో. నేల కాలుతోంది. గెంతిన ప్రతివాడూ కింద పడేలోపు సగం వేగిపోతున్నాడు. ఈసారి కొమ్మరాజు వేసిన ప్రతి బంతికీ తనే బుట్ట వంచాడు. వంచి, చూసేవాళ్ళ వైపు తిరిగి తల కూడా వంచాడు. అది జాలి కాదని నాకు తెలుసు, మీకూ తెలుసు. వాడికి మాత్రం తెలియదు.

అప్పుడు మాణిక్యక్క ఏం చేసిందో తెలుసా? కొమ్మరాజుకు బంతి ఇవ్వడం మానేసింది. వాడు బుట్ట కింద ఒంటరిగా నిలబడి ఉన్నా, బంతి బండెన్నకే పోయింది. బండెన్న పట్టుకునేసరికి నక్కలు లాక్కునేవి.

కొమ్మరాజుకు ఒళ్ళు మండింది. అందరి ముందూ అరిచాడు.

"అక్కా! తాడిచెట్టంత కొమ్ములతో నిలబడ్డాను, కళ్ళు కనపడటం లేదా?"

చూసేవాళ్ళు గొల్లుమన్నారు. "అక్కకు కళ్ళద్దాలు తేండిరా!" అంది ఒక కోతి.

మాణిక్యక్క మెల్లగా అంది, "కనపడ్డారు, కొమ్మరాజు గారూ."

గారూ! విన్నారా? అప్పటిదాకా "ఒరే రాజూ, ఒరే తమ్ముడూ" అని పిలిచిన నోరు అది. ఇంట్లో మీ అమ్మ మిమ్మల్ని ఉన్నట్టుండి "తమరు" అంటే మీరు ఎటు పరిగెత్తుతారు? అదీ సంగతి. ఆ ఒక్క "గారు"కు వీపు మీద సగం ముళ్ళు లేచి నిలబడ్డాయి.

ఎలాగో గెలిచారు. గెలిచినా ఎవరి ముఖంలోనూ గెలుపు లేదు.

విరామంలో బండెన్న మళ్ళీ అడిగాడు. "కోపమొచ్చిందా అమ్మా?"

"నాకేం కోపం? నాకెందుకు కోపం? నాకేం లేదు."

"చెప్తే తీరుతుంది కదా."

"చెప్పడానికేముందన్నా? ఉంటే కదా చెప్పడానికి!"

కొమ్మరాజు బండెన్నను పక్కకు పిలిచాడు. "అన్నా, అక్కకేమైంది? నేనేం చేశాను?"

"నన్నడుగుతావేం? ఆవిడనే అడుగు."

"అడిగితే ఏమీ లేదంటుంది."

"నాకు ఓపిక లేదురా," అన్నాడు బండెన్న కళ్ళు మూసుకుంటూ. "ఒళ్ళంతా కొలిమిలా ఉంది. ఆట కానీ. అయ్యాక చూద్దాం."

పెద్దవాడు అలసిపోయాడు. తప్పు పట్టకండి, ఆ ఎండలో నేనే ఈల వేసి వేసి ఒక ఏనుగు బరువు తగ్గాను. కానీ "అయ్యాక చూద్దాం" అన్న మాట ఉందే, అది ఎన్ని జట్లను ముంచిందో నేను చూశాను. పైగా ఉడుము పట్టయ్య ఊరుకోలేదు. మాణిక్యక్క చెవి దగ్గరికి పాకాడు.

"వాడికి పొగరెక్కిందక్కా. నేను పొద్దుటి నుంచి పట్టుకునే ఉన్నా ఆ మాట."

"నాకేం లేదు పట్టయ్యా. నువ్వు పో."

అదే మాట, మూడోసారి. లెక్క నేను పెట్టలేదు, ముళ్ళు పెట్టాయి. ముప్పాతిక లేచాయి.

సాయంత్రం ఆట నల్లవాగు తోడేళ్ళతో. ఆ తోడేళ్ళు ఆటలో ఎర్రగుట్ట కాలిగోటికి సరిపోవు. కానీ వాటికొక అలవాటు ఉంది. విరామం ఇస్తే చాలు, నాలుగూ గుండ్రంగా కూర్చుని ఒకదాని మీద ఒకటి మొరుగుతాయి. "బంతి నాకివ్వలేదేం?" "నువ్వు నిద్రపోతుంటే ఇవ్వాలా?" "నిద్రపోయేది మీ తాత!" చూసేవాళ్ళంతా పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. అరిచి అరిచి, ఆ తర్వాత ఒకదాని చెవి ఒకటి నాకి, ఏమీ జరగనట్టు లేచి వచ్చేవి. నేనూ నవ్వాను. తర్వాత నవ్వలేదు.

పొద్దు ఎర్రగుట్ట వెనక్కి దిగితే ఆట ముగిసినట్టు. ఎంతకీ సమానంగానే ఉంది. అటొకటి, ఇటొకటి. అటొకటి, ఇటొకటి. పొద్దు గుట్ట నెత్తిన కూర్చుంది. ఒక్క బంతి పడితే చాలు, ఎర్రగుట్టకు తేటనీళ్ళు.

బంతి మాణిక్యక్క చేతికి వచ్చింది. కొమ్మరాజు బుట్ట కింద ఉన్నాడు. వాడి చుట్టూ ఒక్క తోడేలు లేదు.

"అక్కా! ఇటు! త్వరగా!"

మాణిక్యక్క వాణ్ణి చూసింది. తాడును చూసింది. బంతి ఇస్తే వాడు వేస్తాడు. వేసి, వంచుతాడు. వంచి, తల వంచుతాడు. అడవంతా వాడి పేరే అరుస్తుంది. పొద్దుటి నుంచి మింగినదంతా ఇక లోపల పట్టలేదు. ఆవిడ బంతిని పొట్టకేసి హత్తుకుని ముడుచుకుపోయింది. ఒక్క క్షణం, అంతే.

వీపు మీద ఉన్న ముళ్ళన్నీ లేచాయి. ఉన్నవే కాదు, ఇంకా మొలవని ముళ్ళు కూడా లేచాయి.

టప్!

ఆ చప్పుడు ఏడు అడవులకు వినపడింది. ఆ తర్వాతి నిశ్శబ్దం ఇంకా దూరం వినపడింది. బంతి వాడిపోయిన దోసకాయలా ఆవిడ ఒళ్ళో వాలింది.

కొమ్మరాజు పరుగున వచ్చాడు. "ఏం చేశావక్కా! ఏం చేశావు! నేనేం పాపం చేశాను నీకు?"

అప్పుడు పగిలింది మాణిక్యక్క నోరు. బంతి తర్వాత.

"తాడు! నా తాడు! పొద్దుటి నుంచీ నా తాడు నువ్వు లాక్కున్నావు! అడవిలో నాకున్నది ఆ ఒక్క తాడేరా! నా పిల్లలు చూసేది ఆ తాడేరా!"

కొమ్మరాజు తాడు వంక చూశాడు. మెల్లగా అన్నాడు.

"నువ్వు రొప్పుతున్నావని వంచానక్కా. నీ కాళ్ళు నొప్పి పుడతాయని."

"ప్రతిసారీనా?"

వాడు తల దించుకున్నాడు. "మొదటిసారి... మొదటిసారి మాత్రం అందుకే. తర్వాత చప్పట్లు బాగున్నాయి. నీకు కోపం వచ్చిందని ఒక్క మాట చెప్పి ఉంటే..."

"అడగాల్సింది!"

"అడిగితే ఏమీ లేదన్నావు కదా!"

ఇంత చిన్న మాటా? ఇంత చిన్న మాట పొద్దున్నే నీడలో కూర్చుని అనుకుంటే అయిపోయేది.

నియమం ఉంది. బంతి ఎవరి చేతిలో పగిలితే వాళ్ళు ఓడినట్టు. ఒకప్పుడు అడవిపందులు కూడా ఆడేవి, వాటి కోరలకు భయపడి పెట్టిన నియమం అది. మాణిక్యక్క మీద పడుతుందని ఎవరనుకున్నారు? నేను ఈల ముక్కు దాకా తెచ్చి దించాను. మళ్ళీ తెచ్చాను. అంత బరువైన ఈల నేను ఎప్పుడూ వేయలేదు. వాగు ఆగలేదు ఆ రోజు. చేపలు తలెత్తలేదు.

చిన్నకొడుకు తల్లి దగ్గరికి వచ్చి అడిగాడు.

"అమ్మా, మనం గెలిచామా? పెద్ద చప్పుడు వచ్చింది కదా?"

మాణిక్యక్క ముళ్ళన్నీ ఒక్కసారిగా కిందికి వాలిపోయాయి. వాన కొట్టిన గడ్డిలా.

ఆ వేసవి పొడవు మీకు చెప్పలేను. సూర్యుడు దారి మరిచిపోయి అక్కడే ఉండిపోయాడు. రోజూ తోడేళ్ళు తాగాయి, పందులు పొర్లాయి, ఆ తర్వాత ఎర్రగుట్టవాళ్ళు కాళ్ళీడ్చుకుంటూ మడుగుకు నడిచారు. మాణిక్యక్క ఆకు దొన్నెలో బురద పట్టి, మట్టి అడుక్కు దిగేదాకా కూర్చుని, పైనున్న నాలుగు చుక్కలు పిల్లలకు పోసేది. మొదట్లో నలుగురూ నాలుగు దారుల్లో వచ్చేవాళ్ళు. తర్వాత అన్ని దారుల్లో నడిచే ఓపిక ఎవరికీ లేక, ఒకే దారిన వచ్చారు. అలసట ఒక్కోసారి మంచి పని చేస్తుంది.

ఒక సాయంత్రం బండెన్న దారి మధ్యలో కూలబడి అన్నాడు.

"నేను పెద్దవాణ్ణి. ఆ రోజు కళ్ళు మూసుకున్నాను. ఇకమీదట నాకు ఓపిక ఉన్నా లేకపోయినా అడుగుతాను. తోడేళ్ళలాగా. ఆగిన ప్రతిచోటా ముందు లోపలున్న ముల్లు చెప్పాలి, తర్వాతే నీళ్ళు. మాణిక్యం, నీ లోపల ఏముంది?"

"నాకేం..." అంది మాణిక్యక్క. ఆగింది. "ఉంది. కోపముంది. నా మీదే."

"సరే. రాజూ, నీ లోపల?"

"భయం," అన్నాడు కొమ్మరాజు. "అంతమంది పేరు పెట్టి అరిచాక, తర్వాతి బంతి పడకపోతే వాళ్ళే తిడతారని భయం. అందుకే ఇంకా ఎక్కువ చేశాను."

అక్క వాడి వంక మొదటిసారి చూసినట్టు చూసింది. "ఇంత కొమ్ములు పెట్టుకుని భయమేంట్రా నీకు?"

"కొమ్ములకు లేదక్కా. నాకుంది."

"నన్ను అడగరేం?" అన్నాడు ఉడుము పట్టయ్య. "నేను బంతి లాక్కుంటేనే కదా అక్క చేతికి వచ్చేది. పోటీలో నాకు ఒక్క చప్పటైనా పడలేదు. ఆ మాట వేసవి మొదటి నుంచీ పట్టుకునే ఉన్నా. దవడలు నొప్పి పుడుతున్నాయి."

నలుగురూ నవ్వారు. చాలా రోజుల తర్వాత. నీళ్ళు అదే బురద. కానీ ఆ రోజు కొంచెం తేలిగ్గా దిగింది.

వానలు వచ్చాయి, పోయాయి. మళ్ళీ ఎండలు. బంతికి పట్టయ్య నోటితో చిరుగు పట్టి ఉంచితే, బండెన్న పనసబంక పూశాడు. గాలి ఎవరు ఊదారు? ఇంకెవరు! ఈ ముక్కుతో ఒక్క ఊపిరి. ఆ ఊపిరికి బంతి నిండగా మిగిలిన గాలికి పక్క అడవిలో తుఫాను వచ్చింది.

మళ్ళీ చివరి ఆట తోడేళ్ళతోనే పడింది. మళ్ళీ సమానం. మళ్ళీ పొద్దు గుట్ట నెత్తిన. ఆ రోజు విరామాల్లో నలుగురూ తోడేళ్ళ కన్నా గట్టిగా అరుచుకున్నారు. "ఇందాక నన్ను చూసి నవ్వావు!" "నీ మీద కాదు, ఆ కోతి మీద!" "అయితే సరే!" వేసిన ప్రతి బంతికీ కొమ్మరాజు పక్కకు తప్పుకున్నాడు. ప్రతిసారీ అక్క వచ్చి తాడు లాగింది.

ఇక ఆఖరు. పట్టయ్య బంతి పట్టాడు. మాణిక్యక్క మైదానం ఆ చివరనుంచి ఒక తోడేలు పొట్ట కిందుగా జారించింది. కొమ్మరాజు ఎత్తి వేశాడు. బంతి బుట్టలో కూర్చుంది.

కూర్చుంది, పిల్లలూ. పడలేదు. పడితేనే లెక్క. మాణిక్యక్క ఆ చివర ఉంది. పొట్టికాళ్ళు. సూర్యుడు గుట్ట వెనక్కి జారుతున్నాడు. సగం మునిగాడు.

"వంచు! వంచు!" అడవి అరిచింది.

కొమ్మరాజు తల ఎత్తాడు. కొమ్ములు బుట్ట అడుగుకు వెంట్రుకవాసి దూరంలో ఆపాడు. ఆపి, వెనక్కి కేక వేశాడు.

"అక్కా! నువ్వొస్తావా, నేను వంచనా?"

పరిగెత్తుతూనే అరిచింది అక్క. "వంచరా తమ్ముడూ!"

"లోపల ఏమీ లేదు కదా?"

"నాకేం లేదురా!"

అడవికి ఊపిరి ఆగింది. అదే మాట! ఒక గుట్ట గుట్టంతా బురద తాగింది ఈ మాట వల్లే! కొమ్మరాజు కదల్లేదు. పొద్దు గోరంత మిగిలింది. వాడు అక్క వీపు వంక చూశాడు. అంత దూరం నుంచి చూశాడు.

ఒక్క ముల్లు కూడా లేవలేదు. అన్నీ నూనె రాసి దువ్విన జుట్టులా ఉన్నాయి.

వాడు బుట్ట వంచాడు. దబ్బు! టకా! నేను ఈల వేశాను. ఎలాంటి ఈల! దిగిపోయిన సూర్యుడు ఏమైందోనని జానెడు మళ్ళీ పైకి లేచి, చూసి, వెళ్ళాడు.

అందరూ మడుగు వైపు పరిగెత్తారు. కొమ్మరాజు మాత్రం అలసిపోయి తాటిమాను కిందే పడుకున్నాడు. మాణిక్యక్క గునగునా నడుచుకుంటూ వచ్చి, ఖాళీ బుట్ట తాడు పట్టుకుని ఒక్కసారి లాగింది. కిర్రుమంది. ఏమీ పడలేదు. కొమ్మరాజు పడుకునే, గిట్టతో నేలను టప్ టప్ టప్ అని కొట్టాడు. అంత పెద్ద అడవిలో ఆ ఒక్కటే చప్పట్లు. అక్క నవ్వి, మడుగుకు పోయింది.

అక్కడ ఆవిడ చిన్నకొడుకు నీళ్ళ మీదికి వంగి, మూతి పెట్టబోయి ఉలిక్కిపడి వెనక్కి దూకాడు.

"అమ్మా! ఇందులో ఎవరో ఉన్నారు!"

పాపం, అప్పటిదాకా బురదలో వాడి ముఖం వాడికెప్పుడు కనపడింది?

ఇక చాలు. ఈ కాలు మళ్ళీ తిడుతోంది.

నీతి: కోపం రావడం తప్పు కాదు, వచ్చిన కోపాన్ని "నాకేం లేదు" అని దాచుకుంటే, అది మనవాళ్ళ చేతిలోని బంతినే పగలగొడుతుంది.

ఇంకా నమ్మనివాళ్ళు ఎర్రగుట్టకు పోయి సాక్షిని అడగండి. చూసినదాన్ని ఇప్పటికీ పట్టుకునే ఉన్నాడు, వదల్లేదు: ఉడుము పట్టయ్య.